ఏడో మంచానికి రాత్రి భోజనం

సంచీకి మూడు అరలు.
ఒకదాంట్లో చక్కెర నీళ్లు, ఒకదాంట్లో మాంసకృత్తులు,
చివరిదాంట్లో తెల్లటి నూనె.
పైనించి చాప చుట్టినట్టు చుట్టుకుంటా వస్తే
లోపలి అతుకులు టప్పున విడిపోతాయి,
మూడూ ఒకటై పాలరంగుకి తిరుగుతాయి.
పొయ్యి అంటించకుండా నేను చేసే వంట ఇదొక్కటే.

లైటు కెదురుగా పట్టి చూస్తాను.
నూనె విడిపోయి తేలితే పారెయ్యాల. తేల్లేదు.
జబీనా సంచీ మీద పేరు చదువుతుంది,
నేను చేతిపట్టీ చదువుతాను:
చెంగల్రాయులు, యాభై నాలుగు, పాకాల పక్క పల్లె.
గానుగ కాడ బెల్లం వండే మనిషి.
నెత్తురందక నల్లబడిన పేగుని తీసేసినాక
లోపల మిగిలింది మూరెడు.
ఆ మూరెడూ ఇంకా నిద్ర లేవలేదు.

మెడ కాడి గొట్టానికి మూడు మూతులు.
గోధుమరంగుది దీనికే.
ఎంత తొందరున్నా అందులో ఇంకో మందు పోనియ్యం,
రక్తం తియ్యం.
స్పిరిటు దూదితో పదిహేను లెక్కపెట్టేదాకా రుద్దుతాను.
మా అవ్వని వంటింటి గడప తొక్కనియ్యని ఇళ్లుండేవి చిత్తూరులో.
పెరట్లోనే అంట్లు తోమి, పెరట్లోనించే వచ్చేసేది.
ఈ గొట్టం కొస గుండె గుమ్మం కాడ ఉంటుంది.
అందాకా అన్నం మోసకపోయేది నేను.

మిషన్లో గంటకి అరవై.
మొన్న స్కానింగుకి పోయొచ్చేసరికి రెండు గంటలు వెనకబడింది.
కొత్తగా చేరిన రేణుక స్పీడు పెంచబోయింది,
చెయ్యి పట్టుకున్నాను.
ఆకలి మీదుండేవాళ్లకి గబగబా పెట్టగూడదు పిల్లా,
పోయిన ముద్ద పోయినట్టే.

సాయంత్రం అయిదుకి మునెమ్మ వచ్చింది,
నీలం గౌను ముందువెనకలుగా తొడుక్కోని.
సంచీ పక్క చూసి, "పాలా మా?"
"అన్నమేమ్మా."
"అంతా ఉందా దీంట్లో?"
"చక్కెర, పప్పుసారం మాదిరి ఒకటి, నూనె, విటమిన్లు."
కాసేపు ఏమీ అనలేదు.
"ఉప్పేసినారా? ఆయప్పకి ఉప్పు తగ్గితే ముద్ద దిగదు."
నవ్వు రాలేదు నాకు.
కేసు షీటు తిప్పి చూసినాను.
పొద్దున సోడియం నూట ముప్పై ఒకటి.
"ఏసినాము మా. చాల్లేదని డాక్టరు
వేరే సీసాలో ఇంకొంచెం ఏయించినాడు."
తల ఊపింది,
పక్కింటామె వంట చెప్తే ఊపినట్టు.

రాత్రి రెండు. చక్కెర చూసే టైము.
పాకం తీగ సాగిందా లేదా అని
ముప్పై ఏళ్లు రెండు వేళ్ల మధ్య పట్టి చూసిన చెయ్యి.
కాలి కాలి మొద్దుబారిన వేలు,
మొదటి పోటుకి చుక్క రాదు.
రెండో పోటు పక్కన పొడిచినాను, సారీ అని.
నూట తొంభై ఆరు.
ఇన్సులిను రెండు యూనిట్లు, షీట్లో రాసి సంతకం.

కిటికీలో కొండ రోడ్డు దీపాలు.
పైకి పోయే బస్సు ఒకటి మలుపులో కనిపించి మాయమవుతుంది.
మూడుకి నా డబ్బా తీస్తాను:
చల్లారిన సంగటి, ఊరిబిండి.
రెండో ముద్ద కాడ అలారం కొడుతుంది,
గొట్టంలో గాలిబుడగ.
చెయ్యి కడుక్కోని పరిగెత్తినాను.
బుడగ తీసి, మళ్లీ మొదలుపెట్టి, అక్కడే నిలబడితే
చెంగల్రాయులి దవడలు ఆడతా ఉన్నాయి నిద్రలో.
ఏదో నములుతున్నాడు.

స్టెతస్కోపు పొట్ట మీద పెట్టినాను,
కుట్లకి దూరంగా.
చానాసేపు ఏమీ లేదు.
బుడుక్కుమని ఒక్కటి.
ఏసీ చప్పుడేమో.
ఇంకో నిమిషం విన్నాను, ఇంకో నిమిషం.
షీట్లో ఏమీ రాయలేదు.
జబీనాకి మాత్రం చెప్పినాను.